ఆకాశం నుంచి దిగిన అట్లు

(మా ఊరి గ్రంథాలయంలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన ప్రసంగం. ఫోనులో రికార్డు చేసి ఎత్తిరాశాం. సభలోంచి వచ్చిన మాటలు అక్కడక్కడా బ్రాకెట్లలో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మైకు వినపడుతోందా? వెనక ఫ్యాను కింద కూర్చున్నవాళ్ళకి? సరే.

పోయిన నెల ఇక్కడే గ్రహణాల గురించి మాట్లాడాను. అయిపోయాక ఒక కుర్రాడు వచ్చి, "గ్రహణాలు సరే సార్, ఎగిరే పళ్ళేల సంగతి చెప్పండి. అందులో మనుషుల్లాంటివాళ్ళు దిగారంటారు. నిజమా అబద్ధమా, ఒక్క ముక్కలో చెప్పేయండి" అన్నాడు. ఒక్క ముక్కలో తేల్చేసే విద్యే నా దగ్గరుంటే ముప్పయ్యేళ్ళు ఫిజిక్సు పాఠాలు చెప్పుకుని ఎందుకు బతుకుతాను? ఇంతకీ అతను వచ్చాడా? రాలేదు. ఇదీ వరస.

ఇవాళ ఒక మనిషి గురించి చెబుతాను. ఆయనకి దొరికిన అట్ల గురించి చెబుతాను. అవునమ్మా, అట్లే. పెనం మీద పోసుకునేవే.

ఆయన పేరు జో సైమంటన్. అమెరికాలో ఉత్తరాన విస్కాన్సిన్ అని ఒక రాష్ట్రం. అందులోనూ బాగా పైకి, చెరువులూ పైన్ చెట్లూ తప్ప పెద్దగా ఏమీ లేని చోట ఈగిల్ రివర్ అని చిన్న ఊరు. ఊరికి కాస్త ఎడంగా సైమంటన్ ఇల్లు. కోళ్ళు పెంచుకుంటాడు, ప్లంబింగ్ పని చేస్తాడు. వయసు అరవైకి అటూ ఇటూ. 1961 ఏప్రిల్ 18, పొద్దున్న 11 గంటల వేళ. ఆ తేదీ గుర్తుపెట్టుకోండి. సరిగ్గా ఆరు రోజుల ముందు, ఏప్రిల్ 12న, యూరీ గగారిన్ భూమి చుట్టూ ఒక చుట్టు తిరిగొచ్చాడు. ప్రపంచంలో ఏ పేపరు తిరగేసినా ఆకాశమే.

బయట ఏదో చప్పుడు. తడిసిన రోడ్డు మీద గరుకు టైర్లు దొర్లుతుంటే వచ్చే చప్పుడు లాంటిదన్నాడాయన. నాకు ఈ పోలిక చాలా నచ్చుతుంది. కట్టుకథ చెప్పేవాడు ఉరుమన్నా అంటాడు, పిడుగన్నా అంటాడు. ఈయన టైర్ల చప్పుడన్నాడు. బయటికొచ్చి చూస్తే పెరట్లో, నేలకి కాస్త ఎత్తులో, పళ్ళెం ఆకారంలో వెండిలా మెరుస్తున్న వస్తువు. మెరుగుపెట్టిన క్రోమియం కంటే తళతళగా ఉందట. అడ్డం 30 అడుగులు, ఎత్తు 12 అడుగులు. అంటే ఈ హాలు సగానికి పైగా పట్టేస్తుంది, కప్పుకి తగులుతుంది.

దాని పక్కన తలుపులా తెరుచుకుంది. లోపల ముగ్గురు. ఐదడుగుల మనుషులు. మనుషులనే అన్నాడు చూడండి, వింతజీవులు అనలేదు. పాతిక ముప్పయ్యేళ్ళ వయసు, నల్లటి జుట్టు, చామనచాయ, మెడదాకా మూసుకున్న నల్ల బట్టలు, తల మీద అల్లిన టోపీ లాంటిది. చూస్తే ఇటలీ వాళ్ళలా ఉన్నారన్నాడు. అందులో ఒకతను రెండు పిడుల కూజా ఒకటి చూపించి, తాగుతున్నట్టు సైగ చేశాడు. మాటా పలుకూ లేదు.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. మీ పెరట్లో వెండి పళ్ళెం దిగింది. అందులోంచి ఎవరో చెంబు చాపారు. మీరేం చేస్తారు? పరుగెత్తుతారు. లేదా ఈ రోజుల్లో వీడియో తీస్తారు. సైమంటన్ ఆ కూజా అందుకుని ఇంట్లోకి వెళ్ళి, నీళ్ళు నింపి, తెచ్చి ఇచ్చాడు. అంతే. ఎవరు, ఎక్కణ్ణుంచి, ఏ పని మీద, ఏమీ అడగలేదు. మా అమ్మమ్మా ఇంతే. గుమ్మం ముందు నిలబడి "దాహం ఇప్పించండమ్మా" అంటే, చెంబుతో నీళ్ళూ చిన్న బెల్లం ముక్కా ముందు వచ్చేవి, ఏ ఊరు నాయనా అన్న ప్రశ్న ఆ తరవాత వచ్చేది.

కూజా ఇస్తూ లోపలికి తొంగిచూశాడు. లోపలంతా ఇనుప రంగు, మసక నలుపు. మీటర్లూ పలకలూ ఏవో ఉన్నాయి. జెనరేటర్ లాంటి మూలుగు. ఒకతను పొయ్యి దగ్గర నిలబడి వండుతున్నాడు. మంట కనపడలేదు. అది చూసి సైమంటన్, నాకూ ఒకటి అన్నట్టు సైగ చేశాడు. పెట్టారు. మూడని ఒకచోట, నాలుగని ఒకచోట రాశారు, ఈ లెక్క ఇప్పటికీ తేలలేదు. మూడంగుళాల వెడల్పు, ఒళ్ళంతా చిల్లులు. మనం అయితే చిట్టి ఊతప్పం అంటాం. వాళ్ళు పాన్‌కేక్ అన్నారు. తరవాత తలుపు మూసుకుంది, ఎక్కడ మూసుకుందో గీత కూడా సరిగ్గా కనపడనంత అతుకు. పళ్ళెం ఇరవై అడుగులు లేచి, దక్షిణం వైపు దూసుకుపోయింది. ఆ గాలికి పక్కనున్న పైన్ చెట్లు వంగాయట. మొత్తం కథ ఐదు నిమిషాలు.

మనలో "అట్టు పెడితే అట్టున్నర" అంటారు కదా. ఇక్కడ కూజాడు నీళ్ళకి గుప్పెడు అట్లు. బేరం బాగానే ఉంది.

ఒకటి తిన్నాడు. ఎలా ఉందయ్యా అంటే, అట్టముక్కలా ఉందన్నాడు. (నవ్వులు) తెలుగులో చెప్పుకుంటే ఈ ముక్క ఇంకాస్త కలిసొచ్చింది. అట్టు అట్టలా ఉంది.

ఇది ఇంతటితో ఆగితే నేనివాళ ఇక్కడ నిలబడను. ఆకాశంలో ఏదో చూశాం, ఎవరో కనపడ్డారు అన్న కథలు వేలున్నాయి. అమెరికా వైమానిక దళం ఇలాంటి ఫిర్యాదుల కోసమే బ్లూ బుక్ అని ఒక విభాగం నడిపింది. 1952 నుంచి 1969 దాకా. మొత్తం 12,618 కేసులు చూశారు, అందులో 701 కేసులకి కారణం తేల్చలేకపోయామని రాసి మూసేశారు. దాదాపు అన్నిట్లోనూ ఉన్నది మాటే. చూశాను, విన్నాను, భయపడ్డాను. సైమంటన్ కేసులో మాత్రం చేతిలో అట్టు ఉంది. సాక్ష్యాన్ని పళ్ళెంలో పెట్టి ఇవ్వడమంటే ఇదే. ఫిజిక్సు వాడిగా నా బాధల్లా ఒకటే, ఆ మహానుభావుడు అందులో ఒకటి తినేశాడు.

మిగిలినవాటిలో ఒకటి వైమానిక దళం చేతికి వెళ్ళింది. వాళ్ళ తరఫున ఖగోళ శాస్త్రవేత్త ఎలెన్ హైనెక్ ఆ ఊరొచ్చి సైమంటన్‌తో మాట్లాడాడు. అట్టుని ప్రభుత్వ ఆహార, ఔషధ ప్రయోగశాలకి పంపించారు. ఊహించుకోండి ఆ ల్యాబులో పనిచేసే మనిషిని. రోజూ కల్తీ నూనె, పురుగుపట్టిన పిండి చూసుకునే అతని బల్ల మీదికి కవరు వచ్చింది. ఏమిటిది? అట్టు. ఎక్కడిది? ఆకాశంలోది. సరే అని సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. ఏం తేలింది? వనస్పతి లాంటి గట్టిపరచిన కొవ్వు. పిండి పదార్థం. బక్‌వీట్ పొట్టు. సోయా పొట్టు. గోధుమ తవుడు. బక్‌వీట్ అంటే ఉత్తరాది వాళ్ళు ఉపవాసాలకి వాడే కుట్టు పిండి గింజ, మన వంటిళ్ళలో పెద్దగా ఉండదు. అమెరికా ఉత్తరాది పల్లెల్లో మాత్రం దాని అట్లు పొద్దుటి టిఫిన్. రిపోర్టు ఆఖరి మాట: ఇది భూమ్మీది సరుకుతో చేసిన మామూలు పాన్‌కేక్.

ఇక్కడికి రాగానే మీలో సగం మంది ముఖాల్లో "అయితే దొంగ దొరికాడు" అన్న నవ్వు కనపడుతోంది. నాకూ మొదట అదే నవ్వొచ్చింది. కానీ చూడండి. ల్యాబు చెప్పింది అట్టు గురించి. మనిషి గురించి చెప్పలేదు. మనిషి గురించి చెప్పినవాళ్ళు వేరే ఉన్నారు. షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి అనుకోండి, ఆయన మనుషులిద్దరు వచ్చి చూశారు. షెరీఫ్ సైమంటన్‌ని 14 ఏళ్ళుగా ఎరుగును. ఈయన చెప్పేది ఈయన నమ్ముతున్నాడు అన్నాడు. ఆ మాటలో ఎంత జాగ్రత్త ఉందో గమనించండి. జరిగిందని షెరీఫ్ అనలేదు. సైమంటన్ నమ్ముతున్నాడన్నాడు.

మన భాషలో ఒక చిక్కుంది. "అబద్ధం" అనే మాటని రెండు పనులకి వాడతాం. నిజం కానిదాన్నీ అబద్ధమే అంటాం, కావాలని ఆడినదాన్నీ అబద్ధమే అంటాం. పాత మాట ఒకటుంది, బొంకు. బొంకడానికి మనసులో ఉద్దేశం ఉండాలి. చీకట్లో తాడుని చూసి పామని కేకవేసినవాడు బొంకాడా? వాడు చెప్పింది నిజం కాదు, వాడు బొంకనూ లేదు. సైమంటన్ బొంకాడా అన్నది ఒక ప్రశ్న. పళ్ళెం దిగిందా అన్నది ఇంకో ప్రశ్న. రెండిటినీ ఒకే తాడుతో కట్టేసి, ఒకటి లాగితే రెండోదీ వస్తుందనుకుంటాం. నమ్మేవాళ్ళూ అదే తప్పు చేస్తారు: పాపం అంత మంచివాడు, ఎందుకు బొంకుతాడు, కాబట్టి పళ్ళెం దిగింది. నమ్మనివాళ్ళూ అదే: పళ్ళెం దిగదు, కాబట్టి వాడు బొంకాడు.

నా సంగతి చెబుతాను, నవ్వకూడదు. పదేళ్ళప్పుడు మా పల్లెలో ఆరుబయట నులకమంచం మీద పడుకున్నాను. నడిరాత్రి మెలకువొచ్చింది. కాలవ అవతల చేలల్లో ఒక వెలుగు నడుస్తోంది. ఆగుతుంది, వంగుతుంది, లేస్తుంది, మళ్ళీ నడుస్తుంది. దాని చుట్టూ పొడుగాటి కాళ్ళు. మనిషి కాళ్ళు కావు, తాటిచెట్టంత కాళ్ళు. కొరివిదయ్యం అని దుప్పటి ముసుగేశాను. పొద్దున్నే బళ్ళో చెప్పాను. రెండో రోజు చెప్పినప్పుడు అది నా వైపు తిరిగి చూసింది. మూడో రోజుకి నా పేరు పెట్టి పిలిచింది. వారం తిరక్కుండానే మా మేనమామ తేల్చేశాడు, "ఒరేయ్, వాళ్ళు రాత్రిపూట పెట్రోమాక్స్ లైటేసుకుని కాలవలో పీతలు పట్టేవాళ్ళురా" అని. పొడుగు కాళ్ళు వాళ్ళ నీడలు. వెలుగు చూడటం నిజం. కాళ్ళు చూడటం నిజం. నా వైపు చూసింది అన్నది ఎప్పుడు కలిసిందో నాకే తెలీదు. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే అది నా వైపు తిరగడం కనపడుతుంది. నేను బొంకలేదండీ. అది మాత్రం జరగలేదు.

సైమంటన్‌కీ ఇలాంటిదే ఏదో జరిగి ఉంటుందని నా అభిప్రాయం. మెలకువలో కల రావడం అరుదేం కాదు. ఆరు రోజులుగా ఊరంతా ఆకాశం మాటలే, టిఫిన్ వేళ, చేతిలో బక్‌వీట్ అట్టు. అయినా ఆ పైన్ చెట్ల కింద నేను లేను కాబట్టి, అభిప్రాయం దగ్గరే ఆగుతున్నాను.

అసలు విచిత్రం ఏంటంటే, ఈయన్ని గట్టిగా తోసేసింది ఎగిరే పళ్ళేల్ని నమ్మేవాళ్ళే. వాషింగ్టన్‌లో నైకాప్ అని పెద్ద సంఘం ఉండేది, దానికి డొనాల్డ్ కీహో అనే మాజీ మెరైన్ దళ అధికారి నాయకుడు. ప్రభుత్వం నిజం దాస్తోంది, అమెరికా కాంగ్రెస్, అంటే వాళ్ళ పార్లమెంటు, విచారణ పెట్టాలి అని పోరాడే సంఘం. అట్టు వాళ్ళకీ చేరింది. వాళ్ళకి కావలసింది రాడార్ రికార్డులూ పైలట్ల సాక్ష్యాలూ. పళ్ళెంలోంచి మనిషి దిగాడంటేనే వాళ్ళకి చిరాకు, ఇక అట్టు కూడా పెట్టాడంటే పరువు పోదూ? పెళ్ళివారి ముందు మందు కొట్టొచ్చిన బావమరిదిని దాచేసినట్టు ఆ కేసుని పక్కకి నెట్టారు.

వాళ్ళ చిరాకుకి కారణం లేకపోలేదు. తొమ్మిదేళ్ళ ముందు జార్జ్ అడామ్‌స్కీ అనే ఆయన ఒకడున్నాడు. కాలిఫోర్నియాలో పాలొమార్ కొండ దగ్గర, పెద్ద టెలిస్కోపు ఉంటుంది చూడండి, ఆ దారిలో ఒక చిన్న హోటల్లో ఉండేవాడు. 1952 నవంబర్ 20న ఎడారిలో శుక్రగ్రహం మనిషిని కలిశానన్నాడు. పొడుగాటి బంగారు రంగు జుట్టు, అందమైన ముఖం. వచ్చినాయన సైగలతోనూ, మనసు నుంచి మనసుకీ అణుబాంబులు ప్రమాదం అని చెప్పాడట. ఇంకేముంది, పుస్తకాలు, ఉపన్యాసాలు, దేశదేశాల శిష్యులు. ఆ తరవాత 1962 డిసెంబర్‌లో అమెరికా పంపిన మారినర్-2 అనే వ్యోమనౌక శుక్రుడి పక్కనుంచి వెళ్ళి, అక్కడ భరించలేని వేడి అని చెప్పింది. 1970లో రష్యన్ల వెనెరా-7 ఏకంగా నేల మీద దిగి కొలిచింది: 475 డిగ్రీలు. సీసం కరిగి పారుతుంది. అక్కడ బంగారు జుట్టు నిలబడే వ్యవహారం కాదు.

ఇప్పుడు ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూడండి. అడామ్‌స్కీ మనిషి ఉపదేశం ఇచ్చాడు. సైమంటన్ మనిషి మంచినీళ్ళు అడిగాడు. ఉపదేశం ఇచ్చినవాడికి శిష్యులు దొరికారు. నీళ్ళు పోసినవాడికి నవ్వులు దొరికాయి.

(సభలోంచి: "వాళ్ళు మనుషుల్లాగే ఎందుకుంటారు సార్?")

అడిగేశారా, మంచిది. అసలు నేను రావాలనుకున్నది అక్కడికే. 1964లో జార్జ్ గేలార్డ్ సింప్సన్ అనే పేరున్న పురాజీవ శాస్త్రవేత్త సైన్స్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. మనిషి లాంటి ఆకారం ఇంకో గ్రహం మీద మళ్ళీ తయారవడం దాదాపు అసాధ్యం అని వాదించాడు. మనం ఇలా రెండు కాళ్ళ మీద, ఐదు వేళ్ళతో, ముఖం మీద ముక్కుతో ఉన్నామంటే వెనక కోట్ల ఏళ్ళ యాదృచ్ఛికాలు వరసగా కలిసొచ్చాయి. ఒక చేప రెక్కలో ఎముకల అమరిక ఇంకోలా ఉంటే నా చెయ్యి ఇలా ఉండదు. భూమ్మీదే చూడండి, తెలివైన జంతువుల్లో ఆక్టోపస్ ఉంది, ఎనిమిది చేతులు, మూడు గుండెకాయలు. పక్కనే సముద్రంలో ఉన్న జీవే మనలా లేదు. ఎక్కడో కోట్ల కోట్ల మైళ్ళ అవతల నుంచి వచ్చినవాడు మాత్రం టోపీ పెట్టుకుని ఇటలీ వాడిలా ఉన్నాడట.

పైగా వాళ్ళు ఎప్పుడూ మన కాలానికి సరిపోయే వాహనంలోనే వస్తారు. 1897లో అమెరికా పేపర్ల నిండా "గాలి ఓడ" కథలు. అప్పటికి విమానం లేదు, రైట్ సోదరులు ఎగరడానికి ఇంకా ఆరేళ్ళుంది. టెక్సస్‌లో జోసరాండ్ అనే ఊరి దగ్గర ఒక రైతుకి అర్ధరాత్రి యంత్రాల రొద వినపడి లేచాడట. చేలో లైట్లతో గాలి ఓడ. ఇద్దరు మనుషులు బకెట్లు పట్టుకుని వచ్చి, మీ బావిలో నీళ్ళు తోడుకోమంటారా అని అడిగారట. నీళ్ళు! అరవై నాలుగేళ్ళ తరవాత సైమంటన్ దగ్గరికొచ్చినవాళ్ళు అడిగిందీ నీళ్ళే. ఆ గాలి ఓడవాళ్ళు గ్రహాంతరవాసులు కూడా కాదు, కొత్త యంత్రం కనిపెట్టిన అమెరికా పెద్దమనుషులని పేపర్లు రాశాయి. ఆ రోజుల పేపర్లు కాలమ్ నింపడానికి ఏదైనా రాసేవి, అది వేరే సంగతి. కానీ కథ ఆకారం చూడండి. ఆకాశంలోంచి దిగినవాడికి దాహం వేస్తుంది.

హైనెక్ ఈ మనుషుల కథల దగ్గర చాలా ఇబ్బందిపడ్డాడు. "క్లోజ్ ఎన్‌కౌంటర్స్", అంటే దగ్గర్నుంచి ఎదురుపడటాలు, అన్న మాట ఆయన పెట్టిందే. 1972లో రాసిన పుస్తకంలో వాటిని మూడు రకాలు చేశాడు: దగ్గర్నుంచి చూడటం ఒకటి, నేల మీదో చెట్ల మీదో గుర్తులు మిగలడం రెండు, లోపలి ప్రాణులు కనపడటం మూడు. ఆ మూడో రకం గురించి రాస్తూ, శాస్త్ర నిజాయితీకి భంగం రాదంటే ఈ భాగం సంతోషంగా వదిలేసేవాణ్ణి అన్నట్టు ఒప్పుకున్నాడు. నాకు హైనెక్ మీద గౌరవం పుట్టింది అక్కడే. తనకి సిగ్గనిపించినదాన్ని కూడా బల్ల మీద పెట్టాడు.

ఆ సిగ్గు అందరి విషయంలో ఒకేలా పనిచెయ్యదు. 1964 ఏప్రిల్ 24న న్యూ మెక్సికోలో సొకోరో అనే ఊరు. లానీ జమోరా అనే పోలీసు ఒక కారుని తరుముతూ గర్జన లాంటి చప్పుడు విని పక్కకి మళ్ళాడు. కోడిగుడ్డు ఆకారంలో తెల్లటి వస్తువు, పక్కన తెల్లటి బట్టల్లో ఇద్దరు, చిన్నసైజు మనుషులు. నేల మీద గుంటలు, కాలిన పొదలు మిగిలాయి. ఆ కేసుని బ్లూ బుక్ తేల్చలేకపోయింది. అందరూ జమోరాని గౌరవంగానే చూశారు, ఎందుకంటే ఒంటి మీద యూనిఫాం ఉంది. అయినా ప్రశ్నలతో విసిగి ఆయన ఆ ఉద్యోగం మానేసి పెట్రోలు బంకు చూసుకున్నాడు. కోళ్ళవాడికి యూనిఫాం కూడా లేదు.

ఆస్ట్రేలియాకి ఉత్తరాన ఉన్న పాపువాలో విలియం గిల్ అనే పాస్టరుగారి కథ ఇంకా గమ్మత్తు. 1959 జూన్ 26 రాత్రి, బొయనాయ్ అనే సముద్రతీరపు మిషన్ దగ్గర, 38 మంది కలిసి చూశారు. పైన వెలిగే వస్తువు, దాని మీద మనుషుల్లాంటి ఆకారాలు. మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చింది. పాస్టరుగారు చెయ్యి ఊపితే పైనున్నవాడు చెయ్యి ఊపాడు. తరవాత ఏం చేశారో తెలుసా? ఆరున్నరకి గిల్ గారు భోజనానికి వెళ్ళారు. (నవ్వులు) నిజంగానే. ఆ తరవాత ప్రార్థనకి వెళ్ళారు. ప్రార్థన అయ్యేసరికి మబ్బు పట్టేసింది. ఆకాశంలో మనుషులు చెయ్యి ఊపుతుంటే భోజనానికి ఎలా వెళ్ళారయ్యా అని అడిగితే, అమెరికా వాళ్ళదో ఆస్ట్రేలియా వాళ్ళదో కొత్త యంత్రమేమో అనుకున్నామన్నాడు. దాన్ని కొట్టిపారేసేవాళ్ళు అది శుక్రగ్రహం అన్నారు. హైనెక్ ఒప్పుకోలేదు. నాకు మాత్రం ఆ భోజనమే నమ్మకం కలిగిస్తుంది, వాళ్ళు బొంకలేదు అనడానికి. కట్టుకథలో ఎవరూ భోజనానికి లేవరు.

మన దగ్గర సంగతి చెప్పలేదంటారు. 2022 డిసెంబర్‌లో వికారాబాద్ జిల్లా పొలాల్లో పైనుంచి పెద్ద వస్తువొకటి దిగింది. జనం ట్రాక్టర్ల మీద, బైకుల మీద పరుగులు. గ్రహాంతరవాసులన్నారు, ఉపగ్రహమన్నారు. తేలిందేంటంటే అది స్పెయిన్ సంస్థ ఒకటి పెద్ద బెలూనుకి కట్టి, హైదరాబాద్‌లోని టాటా పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి పంపిన ఖాళీ కేప్సూలు. మనుషుల్ని ఆకాశం అంచుదాకా తీసుకెళ్ళి చూపించే వ్యాపారానికి తొలి పరీక్ష. ఆ బెలూన్ కేంద్రం ఇప్పటిది కాదు, దశాబ్దాలుగా ఉంది. ఎగరేసే ముందు పేపర్లో ప్రకటన వేస్తారు: ఫలానా జిల్లాల్లో మా పరికరాలు దిగొచ్చు, విప్పకండి, పోలీసులకి చెప్పండి, కబురు చేసినవాళ్ళకి బహుమానం ఇస్తాం అని. ఆ ప్రకటన చదివి, ఆ పొలంలో నిలబడ్డవాడికి అది బెలూను. చదవనివాడికి? చూపు ఒకటే, వస్తువు ఒకటే. ముందు చెవిన పడ్డ మాటని బట్టి కళ్ళు పనిచేస్తాయి.

ఇంక అట్టు దగ్గరికి మళ్ళీ వస్తాను. జాక్ వాలే అని ఫ్రాన్సులో పుట్టిన ఖగోళ, కంప్యూటర్ శాస్త్రవేత్త ఒకాయన 1969లో ఈ కేసుని బయటికి తీసి కొత్త కోణం చూపించాడు. మీరంతా దీన్ని యంత్రాల కథగా చదువుతున్నారు, పాత కథలు తీసి చూడండి అన్నాడు. ఐర్లండ్‌లోనూ, ఫ్రాన్సు పడమటి మూలనున్న బ్రిటనీ పల్లెల్లోనూ చిట్టి మనుషుల కథలున్నాయి. వాళ్ళు వచ్చి రైతుని ఏదో చిన్న సాయం అడుగుతారు. బదులుగా రొట్టెలు ఇస్తారు. బ్రిటనీ కథల్లో అవి అచ్చం బక్‌వీట్ రొట్టెలే. ఇంకో సంగతి, ఆ మాయమనుషులు ఉప్పు ముట్టరు. వాలే ఏమన్నాడంటే, ల్యాబు చెప్పిన పట్టికలో చూడండి, ఉప్పు లేదు.

(ఒకావిడ: "అందుకే అట్టముక్కలా ఉంది!")

అంతే తల్లీ! ల్యాబు వాళ్ళకి తట్టనిది మీకు తట్టింది. ఉప్పు వెయ్యని అట్టు ఇంకెలా ఉంటుంది?

వాలే లెక్కని నేను పూర్తిగా ఒప్పుకోను. పోలికలు వెతికితే దొరుకుతూనే ఉంటాయి. పట్టికలో రాయకపోతే లేనట్టేనా అన్నది ఇంకో అనుమానం. కానీ ఉప్పు సంగతి మనకి అర్థమైనంతగా అమెరికా వాడికి అర్థం కాదనుకుంటాను. మనకి ఉప్పు తిన్న ఇల్లు అంటే ఒక బాధ్యత. ఉప్పు లేకుండా పెడితే ఏ బాధ్యతా ఉండదు. తిన్నవాడూ పెట్టినవాడూ ఎవరి దారిన వాళ్ళు. వాళ్ళు మళ్ళీ రాలేదు.

ఆ తరవాత సైమంటన్ ఇంటికి విలేఖర్లు, వింత చూసేవాళ్ళు, ఉత్తరాలు. కొన్నాళ్ళకి యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ అనే వార్తాసంస్థ విలేఖరితో, ఇంకోసారి ఇలా జరిగితే ఎవరికీ చెప్పనేమో అన్నాడు. ఆ మాట చదివినప్పుడు నాకు నా కొరివిదయ్యం గుర్తొచ్చింది. మా మేనమామ తేల్చేశాక బళ్ళో ఏడాదిపాటు నన్ను పీతలోడా అనే పిలిచారు. ఆ తరవాత చాలా ఏళ్ళు రాత్రిపూట ఏం కనపడినా ఎవరికీ చెప్పలేదు. చుక్క రాలినా చెప్పలేదు.

సరే, టీలు వచ్చినట్టున్నాయి. ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర?

(సభలోంచి: "మీ ఇంటికొస్తే ఏం చేస్తారు మాష్టారూ?")

నీళ్ళిస్తానండీ. అందులో ఆలోచించడానికేం లేదు. అట్లు పెడితే ఒక్కటీ తినకుండా, చేత్తో ముట్టుకోకుండా, శుభ్రమైన డబ్బాలో పెట్టి మొత్తం ల్యాబుకి పంపిస్తాను.

(అదే ఆయన: "ఒక్కటైనా తినకుండా ఉండగలరా?")

వేడి మీదుంటే చెప్పలేను.